ఎవరూ లేని రోజుల డేటా

9 మార్చి 2025

ల్యాబ్‌కి మళ్ళీ వెళ్ళాను. ఎస్తేరు మేడమ్ పదే పదే ఫోన్ చేస్తుంటే వెళ్ళక తప్పలేదు. నాకు గైడ్ ఆమె. ఉదయ్‌కీ గైడే. గైడ్‌గా ఉండేవారు అని రాయాలేమో. చనిపోయినవాడి థీసిస్‌కి గైడ్ ఉంటారో ఉండరో నాకు తెలియదు.

ఉదయ్ కుమార్ పోయి మూడు వారాలు దాటింది. బైక్ మీద గుమ్మఘట్టకు, వాళ్ళ ఊరికి పోతున్నాడు. రాయదుర్గం ఇంకా రాకముందే రోడ్డు కింద వాననీళ్ళు పోయే ఒక మోరీ పక్కన, లైట్లు లేకుండా ఆపిన రాళ్ళ లారీ. పొద్దు మునిగే వేళ. ఇంతకన్నా రాయను.

గేటు గంగప్ప తీశాడు. మా వాచ్‌మన్. "బాగుండావా సిమ్రానమ్మా" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పక్కకి తిరిగిపోయాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నేనూ అటు చూడలేదు.

లోపల అన్నీ ఎక్కడివక్కడే. అతని కుర్చీ, కుర్చీ వీపు మీద తువ్వాలు, ర్యాక్ వెనక తిరుగుతున్న పాత టేబుల్ ఫ్యాన్, మూత పెట్టని పెన్ను. మేడమ్ ఒకటే మాట చెప్పారు. ఉదయ్ పెట్టినవేవీ కదపొద్దు. చెప్పకపోయినా నేను కదిపేదాన్ని కాదు.

రంజాన్ ఉపవాసం, రోజా ఉన్నాను. గొంతు ఎండిపోయింది. ఎండ అప్పుడే మే నెలలా ఉంది.

11 మార్చి

అమ్మ తాడిపత్రి నుంచి ఫోన్ చేసింది. ఇంతకీ ఆ పిల్లోడు మీ ఆఫీసులో ఏం చేస్తాండె అని అడిగింది. నాలుగేళ్ళుగా నేను చేసేదీ అదే. ఎన్నడూ అడగలేదు. అతను పోయాక అడిగింది.

చెప్పాను. వెంట్రుకంత సన్నటి గాజు పోగులు రెండు. ఫైబర్ అంటాం. వాటి కొసలు రెండూ ఎదురెదురుగా పెడతాం. ఒక్కో కొసన లేజర్‌తో చిన్న గుంట కాల్చి, దాని మీద అద్దం పూత పూయిస్తాం. మధ్యలో సందు కంటికి ఆనదు. ఆ సందులోకి పంపిన వెలుతురు బయటికి రాలేక ఈ అద్దానికీ ఆ అద్దానికీ వేల సార్లు కొట్టుకుంటుంది. దాన్ని క్యావిటీ అంటాం. ఆ సందులో ఒక పలచటి పొర వేలాడుతుంది. పొర ఏ కొంచెం కదిలినా, అణువు వెడల్పులో ఎన్నో వంతో చెప్పలేనంత కదిలినా, వెలుతురు ఆ సంగతి మోసుకొస్తుంది.

చిక్కు ఏమిటంటే, చూడటానికి వేసిన వెలుతురే ఆ పొరను తోస్తుంది. వెలుతురు పెంచితే తోపు ఎక్కువవుతుంది. తగ్గిస్తే ఏమీ కనపడదు. ఈ రెంటికీ నడుమ ప్రకృతి గీసి పెట్టిన గీత ఒకటి ఉంది. ఆ గీత దాకా పోవాలి. అక్కడికి చేరాలంటే మిగతా చప్పుళ్ళన్నీ చావాలి. మనుషుల నడక, లారీలు, గాలి, అన్నీ.

అమ్మ అంతా విని, "అంత సన్నటి పని చేసే పిల్లోన్ని అంత పెద్ద లారీ తినె" అంది.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాటే వినపడుతూ ఉంది.

12 మార్చి

మా ల్యాబ్‌కి ఈ పాత గిడ్డంగిని మేడమ్ ఎందుకు ఎంచుకున్నారో ఇవాళ కిటికీలోంచి చూస్తే మళ్ళీ గుర్తొచ్చింది. పామిడి దాటాక కొంత దూరం, రోడ్డు వదిలి లోపలికి. కింద అంతా ఒకటే రాతి పలక. చుట్టూ చప్పుడు చేసేదేమీ లేదు. బోర్లు ఎండిపోయాక మోటార్లు ఆగాయి, మోటార్లు ఆగాక మనుషులు బెంగుళూరు పోయారు. శనక్కాయ వేసిన చేన్లు బీడయ్యాయి. మాకు కావాల్సిన నిశ్శబ్దం కరువే తెచ్చిపెట్టింది.

ఈ మాట ఒకసారి ఉదయ్ ముందు అంటే, నవ్వలేదు. వాళ్ళ నాయన బెంగుళూరు బిల్డింగ్ పనికి పోయి అక్కడే పోయినవాడు. తర్వాత ఇంట్లో అమ్మా, తనూ. ఇప్పుడు అమ్మ ఒక్కతే.

14 మార్చి

ఇవాళ ఒకటి తెలిసింది. ఊరికి బయలుదేరే ముందు ఉదయ్ ఒక రన్, అంటే రోజుల తరబడి ఆగకుండా సాగే కొలత, మొదలుపెట్టి పోయాడు. తిరిగొచ్చి ఆపుదామనుకున్నాడు కాబోలు. ఆ వారం మేం ఎవరమూ ల్యాబ్‌కి రాలేదు. నేను తాడిపత్రిలో పడుకుని ఉన్నాను. ఆపాలన్న ఊహే ఎవరికీ రాలేదు. అతన్ని మట్టి చేస్తున్నప్పుడు కూడా ఇక్కడ కంప్యూటర్ రాసుకుంటూనే ఉంది.

ఆ డేటా తెరిచాను. మొదట మామూలే, ఎప్పుడూ ఉండే నాయిస్. తర్వాత ఒక చోట నుంచి ఆ నాయిస్ గీత కిందికి దిగింది. దిగి, అక్కడే నిలిచింది. మేం వెతుకుతున్న అంకె దగ్గర, ప్రకృతి పెట్టిన ఆ హద్దు దగ్గర. వారం తర్వాత మేడమ్ వచ్చి తలుపులు తీసిన రోజు దాకా అలాగే ఉంది.

నాలుగేళ్ళు అతను ఆ అంకె కోసం కూర్చున్నాడు. అతను లేని వారంలో వచ్చింది.

15 మార్చి

మేడమ్‌కి చూపించాను. చాలాసేపు తెర వైపే చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, ఇంటికి పోయారు.

18 మార్చి

గీత ఎందుకు దిగిందా అని ఆ చోటు పెద్దది చేసి చూశాను.

గదిలోకి ఎవరో వచ్చారు.

క్యావిటీని నిలబెట్టే లాక్ సిగ్నల్‌లో నేల మీద ప్రతి అడుగూ పడుతుంది. బల్ల కింద ఎన్ని రబ్బర్లు వేసినా పడుతుంది. ముందు ఒక పెద్ద ఊపు, అది తలుపు. తర్వాత అడుగులు. నేరుగా బల్ల దాకా. ఆగాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏమీ లేదని కూడా కాదు. సన్నగా, నిదానంగా, పొంగుతూ తగ్గుతూ ఒక అల ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఊపిరి అలా ఉంటుంది. ఉదయే ఒకసారి చూపించాడు, నన్ను కూర్చోబెట్టి.

తర్వాత మళ్ళీ అడుగులు, ర్యాక్ వైపు. అక్కడే గీత దిగింది. ఆ తర్వాత అడుగులు తలుపు వైపు. తలుపు. ఆపై అంతా నిశ్శబ్దం.

అతన్ని మట్టి చేసిన మర్నాడు. మధ్యాహ్నం పూట.

గంగప్పని అడిగాను. "ఎవురూ రాల్యేదమ్మా. బీగంచెవి నా మొలకే ఉండె. ఎవురొస్తారు ఈడికి" అన్నాడు. కెమెరా ఎప్పుడో చెడిపోయింది. ఎవరూ బాగు చేయించలేదు.

20 మార్చి

చేయకూడని పని చేశాను. ఉదయ్ పాత టెస్ట్ ఫైళ్ళు తీశాను. ఎవరి నడక ఎంత నాయిస్ చేస్తుందో చూద్దామని పోయినేడు మేమందరం గదిలో నడిచాం. మేడమ్, నేను, గంగప్ప, ఉదయ్. ఫైళ్ళకి పేర్లు పెట్టింది నేనే.

ఉదయ్ నడకలో ఎడమ అడుగు బరువుగా పడుతుంది. దాని తర్వాత చిన్న జాగు, కుడి అడుగు తేలిక. నేల మీద చూస్తే తెలియదు, తెర మీద తెలుస్తుంది. అప్పుడు అతను నవ్వి, ఇది నేనే, ఎవరూ కాపీ కొట్టలేరు అన్నాడు.

రెండు ట్రేస్‌లూ, ఆ మధ్యాహ్నం అడుగుల గీతా ఉదయ్ ఫైల్‌లోని గీతా, ఒకదాని మీద ఒకటి పెట్టాను.

ఎడమ బరువు. జాగు. కుడి తేలిక.

రోజా విడిచే ఇఫ్తార్ వేళ దాటిపోయింది, నాకు తెలియలేదు. అమ్మ ఫోన్ చేస్తే ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. రుచి తెలియలేదు.

21 మార్చి

నేను దయ్యాల్ని నమ్మను. ఇవాళ ల్యాబ్‌లోకి పోతూ ఖాళీ కుర్చీకి సలాం చెప్పాను.

26 మార్చి

మేడమ్‌తో మాటా మాటా అనుకున్నాం.

ఆమె ఉద్దేశం ఆ మధ్యాహ్నపు ముక్కని కత్తిరించి, బయటి కదలిక వల్ల తీసేశాం అని ఒక వాక్యం రాసి, మిగతా డేటాతో పేపర్ పంపాలని. మొదటి పేరు ఉదయ్‌ది. అతను ఉండగా ఒక్క పేపర్‌లో కూడా అతని పేరు ముందు రాలేదట, ఇదైనా రావాలట.

నేను ఒప్పుకోలేదు. అంకె మారిందే ఆ ముక్క దగ్గర. ఎందుకు మారిందో చెప్పకుండా ఎట్లా పంపుతాం? మళ్ళీ చేసి చూపించమంటే ఏం చేస్తాం? మరి అక్కడ ఏం జరిగిందని రాద్దాం, నువ్వే చెప్పు అన్నారు మేడమ్.

నడక పోలిక సంగతి నేను ఆమెకి చెప్పలేదు. చెబితే సెలవు పెట్టి ఇంటికి పొమ్మంటారు.

చివరికి ఒకటి తేలింది. మళ్ళీ అదే అంకె వస్తేనే పేపర్. రాకపోతే లేదు. అతని పేరు మీద తప్పు అంకె అచ్చు కావడం ఆమెకీ ఇష్టం లేదు.

31 మార్చి

రంజాన్ పండుగ. తాడిపత్రి. నాయన కొత్త బట్టల్లో గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. ఎప్పుడూ బండల ఫ్యాక్టరీ రాతి పొడిలో చూసి అలవాటు. సేమ్యా బాగుంది. అందరూ నన్ను జాగ్రత్తగా చూస్తున్నారు. ఆ అబ్బాయి నీకు ఏమవుతాడు అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఎదురుగా కూర్చునేవాడు. అంతే. నాలుగేళ్ళు ఎదురుగా కూర్చున్నవాడికి ఏ పేరూ లేదు.

9 ఏప్రిల్

రావడం లేదు. అంకె రావడం లేదు.

మనుషులు లేకపోవడమే కారణం అనుకున్నాం. రన్ పెట్టి అందరం వెళ్ళిపోయాం. గంగప్పని కూడా గేటు బయట చింతచెట్టు కింద కూర్చోమన్నాం. వచ్చి చూస్తే పాత నాయిస్. గాలి తీసే పంప్ మార్చాం. కొత్త కేబుళ్ళు వేశాం. లేజర్ పవర్ తగ్గించి చూశాం, పెంచి చూశాం. ఉదయ్ పెట్టినవి తప్ప అన్నీ కదిపాం.

అంటే మేం లేకపోవడం చాలదు. ఇంకేదో కావాలి. ఆ రోజు వచ్చిన మనిషి కావాలి.

ఇలా రాస్తున్నందుకు భయంగా ఉంది.

12 ఏప్రిల్

గంగప్ప ఒక మాట మోసుకొచ్చాడు. రాయదుర్గం పోయే బస్సుల వాళ్ళు అంటున్నారట, ఆ మోరీ కాడ పొద్దు మునిగేటప్పుడు చొక్కా టక్ చేసుకున్న పిల్లోడు నిలబడి ఉంటాడని, చెయ్యెత్తి బస్సు ఆపుతాడని, ఆపితే ఎవరూ ఉండరని.

నేను అరిచాను. అలాంటి మాటలు ఇక్కడ మాట్లాడొద్దన్నాను. పాపం, బిత్తరపోయాడు. "నేను అనలేదమ్మా, వాళ్ళంటాండేది చెప్తాండా" అన్నాడు.

ఉదయ్ ఎన్నడూ టక్ చేసుకోలేదు. నాకు ముందు గుర్తొచ్చింది అదే. కోపం రావాల్సింది పోయి, అయితే అది అతను కాదు అనుకున్నాను.

22 ఏప్రిల్, మధ్యాహ్నం

ఇప్పుడే రాయాలి. తర్వాత రాస్తే ఇలా ఉండదు.

ఉదయ్ వాళ్ళ అమ్మ వచ్చింది. రామాంజినమ్మ. కొడుకు సామాన్లు తీసుకుపోతానని మేడమ్‌కి ముందే చెప్పిందట. మేడమ్ హైదరాబాద్‌లో ఉన్నారు. గుమ్మఘట్ట నుంచి బస్సులు మారి మారి ఒక్కతే వచ్చింది. సన్నటి మనిషి. చేతిలో గుడ్డ సంచి. గేటు దగ్గర గంగప్ప ఆమెను చూసి నమస్కారం పెట్టాడు గానీ పేరు అడగలేదు. నేనది పట్టించుకోలేదు అప్పుడు.

ముందు గదిలో కూర్చోబెట్టి, టీ పెడతానన్నాను. నేను స్టవ్ వైపు తిరిగేలోపు ఆమె లేచి లోపలికి పోయింది. కంప్యూటర్ తెర ఈ ముందు గదిలోనే ఉంది. లాక్ సిగ్నల్ పోతూ ఉంది.

ఎడమ బరువు. జాగు. కుడి తేలిక.

గ్లాసు నా చేతిలోనే ఉంది. అడుగులు నేరుగా బల్ల దాకా పోయాయి. కుర్చీ ఏదో ఆమె ఎవర్నీ అడగలేదు.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె కొడుకు కుర్చీలో కూర్చుని ఉంది, తువ్వాలు ఒడిలో పెట్టుకుని. నడకలో మాత్రమే కాదు, కూర్చోవడంలో కూడా అచ్చం కొడుకే. ముందుకి కొంచెం వంగి, మోకాళ్ళ మీద చేతులు. నాలుగేళ్ళు నేను ఎదురుగా చూసిన కూర్చోవడం.

ఆమె లేచి ర్యాక్ వెనక్కి తొంగి చూసింది. "ఇది మళ్ళ ఎవురేసినారు పాపా? నేను ఆపిపోతి గదా" అంది.

టేబుల్ ఫ్యాన్.

అని, వంగి, స్విచ్ ఆపింది.

రెక్కలు నిదానంగా ఆగాయి. గదిలో ఎన్నడూ వినని నిశ్శబ్దం వచ్చింది. ఆ ఫ్యాన్‌కి చప్పుడు ఉండేదని నాకు ఆగినప్పుడే తెలిసింది.

అదే రోజు, సాయంత్రం

ఆమెను బస్సెక్కించి వచ్చాను. మిగతాది రాస్తున్నాను.

మట్టి చేసిన మర్నాడు ఆసుపత్రి కాగితాల కోసం తన అన్నతో కలిసి అనంతపురం వచ్చిందట. అన్నని ఆఫీసు దగ్గర కూర్చోబెట్టి, నీళ్ళు తాగొస్తానని చెప్పి, పామిడి బస్సు ఎక్కేసిందట. "ఎప్పుడు ఫోన్ జేసినా మా ల్యాబు, మా ల్యాబు అంటాండె. యాడుండాదో ఒకతూరి సూడల్లనిపిచ్చె. ఇంట్ల పండబెట్టిన కొడుకుని సూసినాక, వాడు బతికిన్నప్పుడు ఉన్నిన తావు సూడల్లనిపిచ్చె" అంది.

గంగప్ప ముందు వద్దన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి తలుపు తీశాడు. కాసేపే అన్నాడు. ఆమె కూర్చుంది. ఏడ్చారా అని అడిగాను. ఏడుపు రాలేదంది. ఊరికే కూర్చుందట. పోబోయేటప్పుడు ఫ్యాన్ చప్పుడు వినపడింది.

"ఇంట్ల గూడా అంతే పాపా. ఫ్యాన్ ఆపకుండా లేసి పోతాడు. నేనే ఆపుతాంటి ఎప్పుడూ. ఆ పొద్దు గూడా అట్లనే ఆపితి. ఆపినాకనే నా కొడుకు పోయినాడని నాకు అర్థమాయె."

టీ చల్లారిపోయింది. ఆమె అలాగే తాగింది.

ఆమె పోయాక గంగప్ప నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బయటి మనిషిని లోపలికి వదిలినట్టు తెలిస్తే వాచ్‌మన్‌లని పెట్టే ఏజెన్సీ వాళ్ళు పనిలోంచి తీసేస్తారని చెప్పలేదన్నాడు. మేడమ్ మళ్ళీ వచ్చే రోజు పొద్దున, అన్నీ ముందున్నట్టే ఉండాలని, ఫ్యాన్ మళ్ళీ వేసింది తనేనన్నాడు. "సారు ఎప్పుడూ యేసి పెడతాండె గదమ్మా" అన్నాడు.

లేజర్ బాక్స్ వేడెక్కుతుందని ఉదయ్ ఎప్పుడో ఆ ఫ్యాన్ పెట్టాడు. అప్పుడు అవసరం. తర్వాత కొత్త బాక్స్ వచ్చింది. ఫ్యాన్ ఉండిపోయింది. అతను బతికుంటే ఏదో ఒక రోజు తనే ఆపేవాడు. మేం మాత్రం ఎన్నటికీ ఆపేవాళ్ళం కాదు. అతని వస్తువని దానికి చెయ్యి తగలనివ్వలేదు.

24 ఏప్రిల్

ఫ్యాన్ లేకుండా రన్. అంకె వచ్చింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది.

సంతోషించాలి. ఒక్కదాన్నే కూర్చుని మధ్యాహ్నం దాకా ఏడ్చాను. అతను పోయాక ఇదే మొదటిసారి ఏడవడం. వెలుతురు చేసే చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేని గదిలో నా ఏడుపు తెర మీద పడుతూనే ఉంది. ఆ రన్ పనికిరాదు. తీసేశాను.

28 ఏప్రిల్

మేడమ్‌కి అంతా చెప్పాను. గంగప్పని ముందు అడిగే చెప్పాను. నడక పోలిక, నా భయం, సలాం, అన్నీ. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వాళ్ళమ్మ కూర్చున్న ముక్క చూపించమన్నారు. తెర మీద ఆ ఊపిరి అల పొంగుతూ తగ్గుతూ ఉంటే దాని వైపే చూస్తూ, తాను అంత్యక్రియలకి పోలేదనీ, కారు రాయదుర్గం దాకా పోనిచ్చి తిప్పుకొచ్చేశాననీ చెప్పారు. అతని తల్లికి ముఖం ఎలా చూపించాలో తెలియలేదట.

గంగప్ప గురించి, అతను తలుపు తీయకపోయి ఉంటే మనకు ఇప్పటికీ ఏమీ తెలిసేది కాదు, ఏజెన్సీకి చెప్పాల్సిన పని లేదు అన్నారు.

పేపర్‌లో ఫ్యాన్ గురించి ఒక వాక్యం పెట్టాం. చివర కృతజ్ఞతల్లో రామాంజినమ్మ పేరు పెట్టమన్నాను. మేడమే టైప్ చేశారు. ఎందుకో ఎవరూ అడగరు.

3 మే

పేపర్ పంపాం. మొదటి పేరు ఉదయ్ కుమార్.

10 మే

రామాంజినమ్మ ఫోన్. తాను ఆ మిషన్‌లో పడ్డానని గంగప్ప చెప్పాడట. "నన్ను నాకు ఒకతూరి సూపీ పాపా. ఒక మాట అడగల్ల నిన్ను. ఫోన్లో కాదు" అంది.

రేపు పోతున్నాను.

11 మే, గుమ్మఘట్ట

ఆ రోడ్డునే పోయాను. ఎవరైనా చూపిస్తారేమో, ఇదే మోరీ అని, అనుకున్నాను. బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. మోరీలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రతిదాని దగ్గరా కిటికీలోంచి చూశాను. పట్టపగలు, ఎండ. ఎక్కడా ఎవరూ నిలబడి లేరు.

ఆమె ఇల్లు ఊరి చివర. పక్కింటావిడ కన్నడంలో ఏదో అడిగితే ఆమె తెలుగులో జవాబు చెప్పింది. గోడకి ఉదయ్ ఫోటో. దండ లేదు. వేయలేదన్నమాట ఇంకా.

ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఇది మీరు తలుపు తీసింది. ఇవి మీ అడుగులు. ఇది మీరు కూర్చోవడం. ఇది మీ ఊపిరి. ఆమె తెర మీద ఆ అల వెంబడి వేలు జరిపింది.

అప్పుడు అడిగింది.

"నిజం జెప్పల్ల నువ్వు. ఆ పొద్దు ఆ రూములో నేనొక్కదాన్నే ఉంటినా? ఇంగెవరన్నా ఉన్నెనా?"

ఆమె ఏం వినాలనుకుంటోందో నాకు తెలుసు అనుకున్నాను. ఇంకెవరో ఉన్నారని. కొడుకు పక్కనే ఉన్నాడని. ఒక్క మాట. తెర మీద ఏదో ఒక చిన్న మెలిక చూపించి, ఇదిగో ఇక్కడ అంటే చాలు. ఆమెకి ఎలా తెలుస్తుంది? చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. నాకూ అదే కావాలి. మార్చి నుంచి నాకు కావాల్సింది అదే.

కానీ ఆ ట్రేస్‌ని నేను ఎన్నోసార్లు చూశాను. నా కళ్ళతో ఏ మూలా వదలకుండా చూశాను. అందులో ఒక మనిషి ఉంది. ఒకరే.

"మీరొక్కరే అమ్మా" అన్నాను. "బరువు లేనిది దానికి తెలియదు. తెలిసినంతలో మీరొక్కరే."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తప్పు చేశాను అనుకున్నాను. అబద్ధం చెప్పాల్సింది.

కొంగు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం తేటగా ఉంది.

"సాల్లే. బతికిచ్చినావ్" అంది. మోరీ మాటలు ఆమె దాకా కూడా వచ్చాయట. నీ కొడుకు ఆడ నిలబడుకోని ఉండాడు, దావ దొరక్క ఉండాడు, పూజ చేయించు అని ఊళ్ళో ఒకటే పోరు. పొద్దు మునిగితే ఆమెకి అన్నం లోపలికి పోయేది కాదట. బిడ్డ రోడ్డు మీద నిలబడి ఉంటే తల్లి ఎట్లా తింటుంది అంది. "వానికి ఇష్టమైన తావు ఇల్లన్నా కావల్ల, మీ రూమన్నా కావల్ల. ఇంట్ల ల్యాడు, నాకు తెలుసు. ఆ రూములో గూడా ల్యాకపోతే యాడా నిలబడుకోలేదు. పోయినాడు. సక్కంగా పోయినాడు నా కొడుకు."

రొట్టె, శనక్కాయ పొడి పెట్టింది. నాతోపాటే కూర్చుని తినింది. తింటూ ఒకసారి ఫోటో వైపు చూసి, రేపు దండ తేవల్ల అంది, తనతో తాను అన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చోలేదు.

19 మే

ఆమె విడిచిపెట్టింది. ఆమెకు విడిచిపెట్టే ధైర్యం ఇచ్చిన ట్రేస్ నా దగ్గర ఉంది. అదే ట్రేస్ నేను రోజూ తెరుస్తున్నాను.

27 మే

మేడమ్ కుర్చీ తీయించి స్టోర్‌లో పెడదామన్నారు. సరేనన్నాను. గంగప్ప వచ్చి ఎత్తబోతుంటే, వద్దు, రేపు చూద్దాం అన్నాను. ఈ మాట అనడం ఇవాళ మొదటిసారి కాదు.

రన్‌లు బాగా వస్తున్నాయి. ఖాళీ గది ఇంత ఖాళీగా ఉండగలదని ఎవరూ కొలిచి చూపించలేదని మేడమ్ అంటున్నారు. ఆమెకి అది గొప్ప. నేను ప్రతి రన్‌లోనూ ముందు మధ్యాహ్నం భాగమే తెరిచి చూస్తాను. శుభ్రంగా ఉంటుంది. ఏ అడుగూ ఉండదు.

13 జూన్

వాన. రేకుల మీద ఒకటే మోత. లాక్ పోయింది, మళ్ళీ పెట్టలేదు. గంగప్ప బయట తడుస్తూ ఎవరితోనో విత్తనాల గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు.

ఇంత వానలో గదిలో ఎవరు నడిచినా తెర మీద తెలియదు.

తలుపు తీసి పెట్టాను.